స్త్రీవేషమున ఇద్దరు వాద్యకారులు

జర్మను దేశమున మ్యూనిక్ నగరమునకు చెందిన యొక చిత్రనిర్మాణ సంస్థ 1951 వ సంవత్సరమున నొక హాస్యచిత్రమును వెలువరించెను. దాని పేరు ‘ఫన్‌ఫారెన్ డెర్ లీబె’. తెనుగున ‘ప్రేమ తూర్యములు’ అని చెప్పవచ్చును. కథ మిక్కిలి చిన్నది. ఇద్దరు వాద్యకారులు, విద్య కలదు, పని లేదు, చేత కాసు లేదు. ఒకచోట జిప్సీ మేళము కావలెనన్న చెవులకు పోగులు తగిలించుకొని జిప్సీలగుదురు. వేరొకచోట నల్లజాతివారి జాజ్ మేళము కావలెనన్న మొగములకు మసి పూసికొని నల్లవారగుదురు. ఆ వేషములును కడుపు నింపనందున, తుదకు కేవలము స్త్రీలే వాయించెడు నొక మేళమున చోటున్నదని విని, గౌనులు తొడిగి, పెట్టుడు జుట్టు పెట్టుకొని, అందులో ప్రవేశింతురు. ఆ మేళములో గాబీ యను గాయని యున్నది. ఇరువురును ఆమెను ప్రేమింతురు. ఒకడు పగటివేళ ఆమెకు చెలికత్తె, సందు దొరికినపుడు ప్రియుడు. ఇఁక నవ్వులకు కొదువయేమి?

ఇంతవఱకు చదువగానే మన చదువరులలో ననేకులు ‘ఈ కథ మేమెఱుగుదుమే!’ యనుకొందురు. ఎఱుగుటయు నిజమే. అమెరికాలో బిల్లీ వైల్డర్ దర్శకత్వమున 1959 లో వెలువడిన ‘సమ్ లైక్ ఇట్ హాట్’ ఈ కథకు మారురూపమే. దానినే హిందీవారు 1975 లో ‘రఫూ చక్కర్’ అను పేర తీసిరి. మన పట్టణములలోని సినీమాశాలలలో దానిని చూచినవారు నేటికిని గలరు. అమెరికా చిత్రసంస్థవారు 2000 సంవత్సరమున తమ దేశపు హాస్యచిత్రములను వరుస పెట్టినపుడు వైల్డర్ చిత్రమునకే మొదటి పీఠమిచ్చిరి. కూతురికింత పేరు వచ్చినను, తల్లియగు జర్మను చిత్రమును తలచువారు మాత్రము అరుదు.

మేము దానిని తలచుట కళాగౌరవముచే కాదు. ఉన్నమాట చెప్పవలెనన్న అది గొప్ప చిత్రము కాదు. వైల్డర్ సయితము తరువాతి కాలమున దానిని చులుకనగానే పేర్కొనెను. అయినను మేము చూచి నవ్వితిమి. నవ్వి లేచిన పిదప ఒక సందేహము మమ్ము వదలలేదు. ఈ కథలో పొట్టకూటికై పురుషుడు స్త్రీ కావలసివచ్చెను. ఆ కథ పుట్టి తిరిగిన దేశములలో, ఆ కాలమున, నిజముగా పొట్టకూటికై, ప్రాణమునకై, తమ్ము తాము మఱుగుపఱచుకొనవలసివచ్చినవారెవరు? ఈ సందేహమును పట్టుకొని పోగా, తెరమీద కనబడని చరిత్ర చాల కనబడెను. దానిని మా చదువరులతో పంచుకొనవలెనని ఈ వ్యాసము.

మొదట కథ జన్మస్థానము. ఇది జర్మనీలో పుట్టినది కాదు; కాని పుట్టించినవాడు జర్మను భాషవాడే. అతని పేరు రాబర్ట్ థోరెన్. నేడు చెక్ దేశమున నున్న బ్ర్యున్ నగరమున 1903 లో యూదుల యింట జన్మించి, జర్మను రంగస్థలమున నటుడై పేరు గడించినవాడు. 1933 జనవరి 30 వ తేదీన హిట్లరు అధికారమునకు వచ్చెను. రెండు నెలలు తిరుగకముందే, మార్చి కడపటి దినములలో, జర్మనీలో పెద్దదియగు ఊఫా చిత్రసంస్థ తన యూదు ఉద్యోగులను తొలగించుటకు తీర్మానించెను. నటులు, రచయితలు, సంగీతకర్తలు, కెమెరా పట్టువారు, దుస్తులు కుట్టువారు — ఒక్క వసంతములో వీథిని బడిరి. దారి దొరికినవారు వియన్నాకో పారిసుకో పోయిరి. థోరెన్ పారిసు చేరెను. అచ్చట మైకేల్ లోగన్ అనువానితో గూడి అతడల్లిన కథయే 1935 లో ఫ్రెంచి భాషలో ‘ఫన్‌ఫార్ దామూర్’ అను చిత్రమయ్యెను. రిషార్ పొట్టియే దానికి దర్శకుడు.

పని కొఱకు జిప్సీ కావలెను, నల్లవాడు కావలెను, ఆడది కావలెను; తానెవరో అది తప్ప మఱేదైనను కావలెను — ఈ హాస్యమును కల్పించినవాడు, తానెవరో ఆ కారణము చేతనే పనిని, దేశమును గోల్పోయినవాడు. ఈ రెంటికిని ముడి యున్నదని థోరెన్ ఎచ్చటనైన చెప్పెనా యనునది వేఱుమాట. మాకు మాత్రము ఆ ముడి లేదనుకొనుట కష్టము.

థోరెన్ విడిచిపోయిన బెర్లినులో ఆ 1933 వ సంవత్సరముననే వేఱొక వేషముల చిత్రము తయారయ్యెను. ‘విక్టర్ ఉండ్ విక్టోరియా’ దాని పేరు. రైన్‌హోల్డ్ షుంజెల్ దర్శకుడు. పని దొరకని యొక నటి పురుషునివలె నటించుచు, ఆ పురుషుడు స్త్రీవేషము వేయుచున్నట్లు రంగముపై కనబడుచు, లోకమును మోసగించుట అందలి కథ. అది డిసెంబరు నెలలో వెలువడెను. అంతకు ఏడు నెలలు ముందు, మే 6 వ తేదీన, స్త్రీపురుష ప్రకృతులను శాస్త్రరీతిని పరిశోధించుటకై మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ బెర్లినున నెలకొల్పిన సంస్థను నాజీ విద్యార్థులు కొల్లగొట్టిరి. దాని గ్రంథములను నాలుగు దినముల తరువాత నడివీథిని తగులబెట్టిరి. తెరమీద వేషము నవ్వు పుట్టించుచుండగా, వీథిలో దానిని గుఱించి చదివి వ్రాసిన పుస్తకములు మండినవి. చిత్రము తీసిన షుంజెల్ తల్లి యూదురాలు. ప్రత్యేకానుమతి మీద పని చేయుచు వచ్చి, 1937 లో అతడును దేశము విడిచెను. అందు నాయకుడగు అడోల్ఫ్ వోల్బ్రూక్ అంతకు ముందే, 1936 లో, పోయెను. నాయిక రెనాటె మ్యూలర్ 1937 లో మరణించెను.

ఇఁక 1951 నాటి మ్యూనిక్కునకు వత్తము. యుద్ధము ముగిసి ఆరేండ్లయినది. 1948 జూనులో క్రొత్త నాణెము వచ్చినది. 1949 మే 23 న పశ్చిమ జర్మనీకి క్రొత్త రాజ్యాంగము వచ్చినది. అంగళ్లలో సరుకులు కనబడుచుండెను గాని కొనుటకు పని యుండవలెను గదా? 1950 తొలినెలలలో ఆ దేశమున పని లేనివారి సంఖ్య ఇంచుమించు 20 లక్షలు. కనుక ఇద్దరు వాద్యకారులు పనికై నానాపాట్లు పడుట చూచి ప్రేక్షకులు నవ్వినపుడు ఆ నవ్వులో స్వానుభవమును గలదు. థోరెన్ పారిసులో వ్రాసిన ఆకలి మ్యూనిక్కున క్రొత్తగా నున్నట్లే యుండెను. కథను జర్మను తెరకు మలచినవాడు హైన్‌ట్స్ పౌక్. దర్శకుడు కుర్ట్ హాఫ్‌మన్. ఈ హాఫ్‌మన్ తన యౌవనమున పైని జెప్పిన షుంజెల్ వద్ద సహాయకుడుగా పని నేర్చినవాడు. గురువు దేశాంతరము పోయెను. శిష్యుడు దేశముననే యుండి నాజీల కాలమున హాస్యచిత్రములు తీసెను. పరదేశమునకు తఱుమబడినవాని కథను, తఱుమబడినవాని శిష్యుడు, ఆ తఱిమివేతను గుఱించి యొక్క మాటయు లేక తెరకెక్కించెను. హాఫ్‌మన్ తరువాత 1958 లో ‘వీర్ వుండర్‌కిండర్’ అను చిత్రమున నాజీ కాలపు అవకాశవాదులను చక్కగా ఎగతాళి చేసెనని కూడ చెప్పకున్న న్యాయము కాదు. అది యేడేండ్ల తరువాతి మాట.

నటులలో డీటర్ బోర్షె యను నతడు ఆ కాలమున గంభీరనాయకుడుగా ప్రసిద్ధుడు. 1949 లో వచ్చిన ‘నాఖ్ట్‌వాఖె’ యను మతసంబంధమైన చిత్రమున మతగురువు వేషముచే దేశమెల్ల పేరుగాంచినవాడు. మొన్నటి మతగురువు నేడు గౌను తొడిగి నిలిచినపుడు జనము పకపక నవ్వుటలో వింత లేదు. అతడు చిన్నతనమున నాట్యము నేర్చినవాడగుటచే ఆ గౌనులోను తడబడక నడచెను. రెండవవాడు గేయోర్గ్ టొమాల, పుట్టు విదూషకుడు. ఇతనిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; మరల వచ్చును. గాయని గాబీ వేషము ఇంగె ఎగ్గర్‌ది. మేళమునకు నాయకురాలు గ్రేటె వైజర్. నోటి దురుసుకు పేరువడిన నటి.

ఇక్కడ మనవారి సంగతి యొకటి చెప్పి ముందునకు పోవుదుము. పురుషుడు స్త్రీవేషము వేయుట మనకు నవ్వులాట మాత్రమే కాదు. విరాటుని కొలువున అర్జునుడు బృహన్నలయై ఏడాది గడపెను. ఆ వేషము శాపఫలము, ఆపద్ధర్మము. దానిని చూచి నవ్విన ఉత్తరకుమారుడే తుదకు నవ్వులపాలయ్యెను. స్థానం నరసింహారావుగారు సత్యభామయై రంగమునకు వచ్చినపుడు సభ నవ్వలేదు, మైమఱచినది. వారి నటనలో స్త్రీయొక్క అభిమానము, సొగసు పైకి వచ్చెను, పురుషుడు దాగెను. ఈ జర్మను చిత్రములో అట్లు కాదు. పురుషుడు దాగకుండుటయే హాస్యమునకు మూలము. గౌను క్రింద మగకాలు కనబడినంతసేపే అది నవ్వించును. అందుచేత ఆ రెండు సంప్రదాయములను ఒకే గాటికి కట్టరాదు.

స్త్రీవేషము ధరించిన యీ యిద్దరు పురుషులకు సినీమాలో తెలిసివచ్చినదేమి? సన్నని బూట్లు కాలు కఱచునని, మేడ మెట్లమీద చేయి వేయువారుందురని, ఇట్టివి. ఇవియు మంచి పాఠములే. కాని 1951 లో జర్మను స్త్రీ నిజముగా మోయుచున్న బరువు వేఱు. యుద్ధము వలన ఆ దేశమున పురుషులకన్న స్త్రీలు ఇంచుమించు 70 లక్షలు ఎక్కువగా నుండిరి. భర్త చచ్చినవారు, భర్త రష్యా చెరలో నున్నవారు, భర్త తిరిగివచ్చియు పనికిమాలిన దేహముతో వచ్చినవారు — ఇండ్లను వారే నడపిరి. కూలిన నగరములలో ఇటుకలు గీకి పేర్చిన స్త్రీల బొమ్మలు నేడు స్మారకములైనవి. ఆ బొమ్మ చూపినంత పని వారే చేయలేదనియు, యంత్రములును గుత్తేదారులును చేసినది చాల గలదనియు ఇటీవలి చరిత్రకారులు సవరించిరి. ఆ సవరణ న్యాయమే. కాని ఆ యిటుకలను ప్రక్కనుంచినను, వంటయింటి పొయ్యి వెలిగించుటకు బొగ్గు సంపాదించినదెవరను ప్రశ్నకు సవరణ లేదు.

ఇట్టి స్త్రీకి చట్టమిచ్చిన స్థానమేమి? క్రొత్త రాజ్యాంగమును వ్రాసిన సభలో 65 మంది సభ్యులు. అందు స్త్రీలు నలుగురు. ఆ నలుగురిలో ఎలిజబెత్ జెల్బెర్ట్ అను న్యాయవాది, ‘స్త్రీపురుషులు సమానహక్కులు గలవారు’ అను నొక్క వాక్యమును చేర్చవలెనని పట్టుబట్టెను. 1948 చివర సభ దానిని త్రోసివేసెను. ఆమె ఇంటికి పోయి యూరకుండలేదు. ఊరూర తిరిగి స్త్రీలకు విషయము చెప్పెను. సంఘములనుండి, కర్మాగారములనుండి, సాధారణ గృహిణులనుండి జాబులు గంపలకొలది సభకు వచ్చి పడెను. 1949 జనవరిలో అదే సభ అదే వాక్యమును అంగీకరించెను. సంస్కారాభిమానులగు మా చదువరులకు ఈ ఘట్టము రుచించునని మేమెఱుగుదుము. కాని కథ అక్కడ ముగియలేదు. ఆ వాక్యమునకు విరుద్ధమైన పాత చట్టములను 1953 మార్చి 31 లోపల మార్చవలెనని గడువు పెట్టిరి. గడువు దాటిపోయెను. మార్చినది 1957 లో. అమలునకు వచ్చినది 1958 జూలై 1 న.

ఆ పాత చట్టమేమనుచుండెను? కాపురమునకు సంబంధించిన విషయములన్నిటను తుది నిర్ణయము భర్తది. భార్య ఎచ్చటనైన ఉద్యోగమునకు ఒప్పుకొన్నచో, సంరక్షక న్యాయస్థానము అనుమతితో ఆమె ఉద్యోగమును భర్త రద్దు చేయవచ్చును. 1958 తరువాతను, గృహధర్మమునకు భంగము రానంతవఱకే భార్య పని చేయవచ్చునని చట్టమున నిలిచెను. ఆ కట్టు తెగినది 1977 లో. అనగా మన వాద్యకారులిద్దరు గౌనులు తొడిగి సంపాదించిన ఉద్యోగము, వారు నిజముగా స్త్రీలై, వివాహితలై యుండినచో, ఎవరో యొకరి సంతకముతో పోవచ్చును! గాబీ సంగతి ఆలోచింపుడు. చిత్రాంతమున ఆమెకు ప్రియుడు దొరకును. 1953 లో అదే జంట నటులతో వచ్చిన రెండవ భాగమునకు పేరు ‘ఫన్‌ఫారెన్ డెర్ ఎహె’, అనగా ‘పెండ్లి తూర్యములు’. పెండ్లియైన గాయనికి గానమెంతవఱకు తనదో చట్టముననే వ్రాసియుండెను.

ఆ కాలపు సభ్యత కూడ విచిత్రమైనది. అదే 1951 జనవరిలో ‘డీ జ్యుండెరిన్’, అనగా ‘పాపిష్ఠురాలు’, అను చిత్రము వచ్చెను. అందు హిల్డెగార్డ్ క్నెఫ్ అను నటి చిత్రకారునికెదుట కొన్ని క్షణములు వివస్త్రయై కనబడును. దానిపై మతగురువులు లేచిరి, ఊరేగింపులు జరిగెను, కొలోన్ కార్డినల్ స్వయముగా ఖండించెను. కొన్ని నెలలకే మగవారు ఆడబట్టలలో గంతులు వేసిన చిత్రము వచ్చినపుడు అట్టి గొడవ లేదు. కుటుంబములతో పోయి నవ్వి వచ్చిరి. పురుషుడు స్త్రీ దుస్తులలో ఉండుట ఆటయని, స్త్రీ తన దేహముతో ఉండుట పాపమని నాటి లోకము తీర్పు చెప్పినట్లున్నది.

ఆట యనుటకు కూడ ఎల్లలుండెను. పురుషుడు పురుషుని ప్రేమించుట నేరమని చెప్పెడు 175 వ సెక్షనును నాజీలు 1935 లో కఠినతరము గావించిరి. నాజీలు పోయిరి గాని ఆ సెక్షను వారు మార్చిన రూపముననే పశ్చిమ జర్మనీలో నిలిచెను. 1950, 51 సంవత్సరములలో ఫ్రాంక్‌ఫర్టు నగరమున దానిక్రింద పెద్ద ధరపకడ జరిగెను. సినీమాశాలలో గౌను తొడిగిన బోర్షెను చూచి జనము నవ్వుచుండిన దినములలోనే కొందఱు తమ్ము దాచుకొనుటకు వేషము చాలక చెఱసాలకు పోవుచుండిరి. 1957 లో అత్యున్నత న్యాయస్థానము ఆ సెక్షనును సమర్థించెను. 1969 లో సడలించిరి. పూర్తిగా ఎత్తివేసినది 1994 లో.

ఇఁక మేము అసలు చెప్పవలెననుకొన్న విషయము — స్త్రీల మేళములు. సినీమాలో అది ఒక వింత వస్తువుగా కనబడును గాని, జర్మను, ఆస్ట్రియా దేశములలో దానికి ఎనుబదియేండ్లకు పైబడిన చరిత్ర గలదు. 1868 ప్రాంతమున వియన్నాలో యోజెఫీన్ వైన్‌లిష్ అను విదుషి స్త్రీలతో వాద్యబృందమును గూర్చి నడపెను. 1871 లో వారు న్యూయార్కునకు పోయి వాయించి వచ్చిరి. తరువాత అట్టి మేళములు వందలుగా వెలసెను. సంగీతశాలలలో పట్టము గొన్న యువతికి పెద్ద వాద్యబృందములు తలుపు తెఱువలేదు. ఉదరపోషణకు మిగిలినది ఫలహారశాల, హోటలు, విహారస్థలము. తెల్లని గౌను, నడుమున రంగు పట్టీ. వాద్యముతో పాటు నవ్వు మొగమును ఉద్యోగములో భాగమే. అందు కొన్ని మేళములలో పురుషులును వాయించుచుండిరి. కనుక మన సినీమా కథ పూర్తిగా గాలిలో కట్టినది కాదు. అయితే ఒకటి గమనింపవలెను: ఆ మేళములు పుట్టినది స్త్రీలకు వేఱు చోటు లేకపోవుట చేత. ఆ ఉన్న యొక్క చోటునకును సినీమాలో పురుషులు వచ్చి కూర్చుండిరి.

ఆ మేళముల చరిత్రలో ఒక పేరు మఱువరానిది. అల్మా రోజే 1906 లో వియన్నాలో జన్మించెను. తల్లి ప్రసిద్ధ సంగీతకర్త గుస్టావ్ మాలర్‌కు సహోదరి. తండ్రి అర్నోల్డ్ రోజే అర్ధశతాబ్దికి పైగా వియన్నా ఆస్థాన నాటకశాలలో ప్రథమ వయొలిన్ విద్వాంసుడు, వియన్నా ఫిల్హార్మనిక్ బృందమునకు నాయకమణి. అల్మా తండ్రి శిక్షణలో వయొలిన్ నేర్చినది. కాని తండ్రి కూర్చున్న బృందములో కూతురు కూర్చుండుటకు వీలులేదు, ఆమె ఆడుది. 1932 లో ఆమె తానే ఒక స్త్రీల మేళమును స్థాపించెను. ‘వియన్నా వాల్ట్జ్ కన్యలు’ అని దాని పేరు. సొగసైన పొడుగు గౌనులతో వారు యూరపు నగరములలో వాయించి మెప్పు గాంచిరి.

1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను మ్రింగెను. యాబదియేడేండ్లు కొలువు చేసిన అర్నోల్డ్ రోజేను, యూదుడని, తొలగించిరి. తండ్రీకూతుండ్రు లండను చేరిరి. అచ్చట తండ్రికి జరుగుబాటు కష్టముగా నుండెను. కుటుంబమునకు నాలుగు డబ్బులు పంపవలెనని అల్మా హాలెండునకు పోయి కచేరీలు చేయుచుండెను. 1940 లో నాజీలు ఆ దేశమును పట్టుకొనిరి, ఆమె చిక్కుబడెను. ఫ్రాన్సు మీదుగా తప్పించుకొనబోయి 1942 డిసెంబరులో దొరకెను. 1943 జూలైలో ఆమెను ఆష్విట్జ్ మరణశిబిరమునకు పంపిరి.

ఆ శిబిరమున బిర్కెనౌ విభాగములో స్త్రీఖైదీల వాద్యబృందమొకటి అంతకు కొన్ని నెలలు ముందు ఏర్పడియుండెను. దానిని ఆమెకు అప్పగించిరి. ఉదయమున ఖైదీలు కూలిపనికి గుంపులుగా పోవునపుడు వాకిట నిలిచి కవాతు పాటలు వాయించుట, సాయంకాలము వారు మిగిలినవారితో తిరిగివచ్చునపుడు మరల వాయించుట, ఆదివారములందు అధికారులకు కచేరీ — ఇదీ వారి యుద్యోగము. నలుబదిమందికి పైగా యువతులు. అందు కొందఱికి వాద్యము అంతంత మాత్రమే వచ్చును. అల్మా వారిని గద్దించి, గంటలకొలది సాధన చేయించి, శ్రుతి తప్పనీయక నిలిపెను. శ్రుతి తప్పిన బృందమును అధికారులు వద్దనవచ్చును. వద్దన్న మఱునాడు వారి గతి యేమో అందఱెఱిగినదే. అల్మా 1944 ఏప్రిలు తొలి దినములలో ఆకస్మిక వ్యాధిచే మరణించెను. ఆమె బృందములోనివారు మాత్రము పెక్కుమంది బ్రతికి బయటపడిరి. వారిలో అనీత లాస్కర్ అను సెల్లో వాద్యకారిణి యుద్ధానంతరము ఇంగ్లండులో వృత్తివాద్యకారిణియై, తన కథను తానే లోకమునకు చెప్పెను.

స్త్రీల మేళములో చోటు దొరికినచో బ్రతుకుదుము — మ్యూనిక్ ప్రహసనమునకు మూలసూత్రము ఇదియే. ఆ సూత్రము అక్షరాల నిజమైన స్థలము ఆ దేశపు ఏలుబడిలోనే ఏడెనిమిదేండ్ల క్రిందట నుండెను. 1951 లో మ్యూనిక్ ప్రేక్షకులకు ఇది తెలియునా? చాలమందికి తెలియకపోవచ్చును, తెలిసినవారు చెప్పుకొనలేదు. సినీమా తీసినవారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆకలిగొన్నవాడు నవ్వుట తప్పు కాదు. కాని అల్మా రోజే కథ చదివిన పిదప ఆ తెల్లగౌనుల బారును తెరమీద చూచుట మాకు మునుపటివలె సాధ్యము కాలేదు.

అల్మాకు మూసిన తలుపు ఎప్పుడు తెఱచుకొనెను? బెర్లిన్ ఫిల్హార్మనిక్ 1882 లో స్థాపింపబడెను. సరిగా నూఱేండ్లు నిండిన 1982 లో మొదటి స్త్రీని, మాడ్లెన్ కరూజో అను వయొలిన్ విదుషిని, సభ్యురాలిగా చేర్చుకొనెను. అల్మా తండ్రి వాయించిన వియన్నా బృందము ఇంకను పదునైదేండ్లు జాగు చేసెను. అచ్చట అన్నా లెల్కెస్ అను వీణెవంటి హార్ప్ వాద్యమును వాయించు విదుషి ఎన్నో యేండ్లు సభ్యత్వము లేకయే వారితో గూడి వాయించుచుండెను; 1997 లో ఆమెను సభ్యురాలిగా ఒప్పుకొనిరి. ఈ స్త్రీలెవ్వరును మీసము పెట్టుకొని పోలేదు. అట్లు పోయినచో ముందే చోటు దొరికెడిదేమో!

కథ మరల ప్రయాణమైనది. వైల్డర్ కూడ 1933 లో బెర్లిను విడిచిపోయినవాడే. అప్పటి ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యమున 1906 లో యూదుల యింట జన్మించి, బెర్లినున సినీమా కథలు వ్రాసి, పారిసు మీదుగా అమెరికా చేరెను. అతని తల్లి నాజీల చేత జిక్కి మడిసెను. యుద్ధము ముగియగానే అతడు అమెరికా సైనికోద్యోగిగా జర్మనీకి వచ్చి, బెర్లిను శిథిలములను కన్నులార చూచెను. అతడును ఐ. ఏ. ఎల్. డైమండును కలిసి ఈ కథను తీసికొన్నపుడు ఒక్క సంగతి వారికి చాలదనిపించెను. పని లేదను నంతమాత్రమున మగవాడు ఆడవేషమున నిలువడు. వేషము తీసిన ప్రాణము పోవలెను, అపుడే అది నిలుచును. కనుక 1929 ఫిబ్రవరి 14 న చికాగోలో దొంగలముఠాలవారు ఏడుగురిని కాల్చిచంపిన ఘట్టమును కథకు ముందు చేర్చిరి. వాద్యకారులు ఆ హత్యను చూచినవారు, హంతకులు వెదకుచున్నారు, స్త్రీల మేళము తప్ప దాగు చోటు లేదు. దీనిని కథానిర్మాణ చాతుర్యమని విమర్శకులు మెచ్చుకొందురు. అట్లే కానిండు. కాని వేషము తీసిన ప్రాణము పోవును అనునది తల్లిని అట్లు పోగొట్టుకొన్నవానికి కేవలము చాతుర్యమే యగునా యని మా సంశయము. థోరెన్ ఆ చిత్రమును చూడలేదు. 1957 లో మ్యూనిక్కుననే మరణించెను. చిత్రమున అతని పేరును లోగన్ పేరును కథకు ఆధారముగా చూపిరి.

జర్మనీలో మాత్రము వేషముల చిత్రములు ఆగలేదు. 1956 లో హైన్‌ట్స్ ర్యూమన్ స్త్రీవేషమున ‘చార్లీ పినతల్లి’గా వచ్చెను, 1957 లో ‘విక్టర్ ఉండ్ విక్టోరియా’ను మరల తీసిరి, 1958 లో హాఫ్‌మన్ తన వేఱొక చిత్రమున నొక కౌంటు కుమార్తెను మగవేషమున అడవిలో తిప్పెను. 1959 లో వైల్డర్ చిత్రము జర్మనీ చేరెను. అమెరికా నటుల మాటలను జర్మను భాషలోనికి మార్చి, ఇచ్చటి నటుల చేత పలికించుట ఆ దేశపు అలవాటు. గౌను తొడిగిన జాక్ లెమన్‌కు గొంతు కావలసివచ్చెను. ఆ గొంతు గేయోర్గ్ టొమాలది. ఎనిమిదేండ్ల క్రిందట మ్యూనిక్కున తానే గౌను తొడిగి నిలిచిన ఆ విదూషకుడు, ఈసారి తెరవెనుక చీకటిగదిలో, తన మామూలు దుస్తులతో నిలిచి, అదే కథను మరల మొదటినుండి పలికెను.